ముడతల ఇంజెక్షన్ వేయించుకున్నారా? యాంటీబయాటిక్‌కు ముందు డాక్టర్‌కు చెప్పండి

షాదీ ముందు నుదుటి ముడతలకు బోటాక్స్ వేయించుకునేవాళ్లు ఉన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బెంగళూరు వెళ్లి వేయించుకొస్తే, ఆ సంగతి ఇక్కడి డాక్టర్‌కు తెలియదు. తర్వాత ఏ యూరిన్ ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు మొహమాటపడకుండా మీరే చెప్పాలి.

ఎందుకు?
బోటాక్స్‌లోని బోట్యులినమ్ టాక్సిన్, నరం నుంచి కండరానికి అందే అసిటైల్‌కోలిన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. జెంటామైసిన్, అమికాసిన్, టోబ్రామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు కూడా ఆ సంకేతాన్ని తగ్గించగలవు. రెండూ కలిస్తే కండరాల బలహీనత పెరగొచ్చు. అమాక్సిసిలిన్ ఈ గుంపులోది కాదు.

ఎన్నాళ్లు?
బోటాక్స్ పని సుమారు 3 నుంచి 4 నెలలు ఉంటుంది. అందుకే "వేయించుకుని నెలైంది కదా" అని దాచొద్దు.

గుర్తుంచుకోండి
• ఇంజెక్షన్ వేసే చోట ఇన్ఫెక్షన్ ఉంటే, అది తగ్గాకే వేయించుకోవాలి.
• మయస్థీనియా గ్రావిస్ ఉంటే ముందే చెప్పాలి.
• వాడుతున్న యాంటీబయాటిక్ సొంతంగా ఆపొద్దు. వాయిదా వేయాల్సింది బోటాక్స్‌నే.
• మింగడం, మాట్లాడడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఈ లక్షణాలు కొన్ని గంటల్లోనే కాదు, కొన్ని వారాల తర్వాత కూడా రావొచ్చు.