మేకా-పులి నుంచి బొమ్మల పోరు దాకా: బల్ల మీద ఆడే చిన్న దండు ఆటలు

బొటనవేలంత బొమ్మలను బల్ల మీద నిలబెట్టి, స్కేలుతో దూరం కొలిచి జరుపుతూ, పాచిక వేసి ఫలితం తేల్చుకునే ఆటలను ఇంగ్లీషులో ‘మినియేచర్ స్కిర్మిష్’ ఆటలు అంటారు. స్కిర్మిష్ అంటే చిన్న పోరు. పెద్ద యుద్ధం ఆటలో ఇరవై బొమ్మలు కలిసి ఒక పటాలంగా కదులుతాయి. స్కిర్మిష్‌లో అట్లా కాదు. ఒక్కో పక్షానికి ఐదో పదో బొమ్మలే ఉంటాయి. ప్రతి బొమ్మకూ ఒక పేరు, ఒక బలం, ఒక బలహీనత ఉంటాయి.

ఇది ఎక్కడో దూరదేశపు ఆట అనుకోవద్దు. దీనికి దగ్గరి చుట్టం మన ఇండ్లలోనే ఉంది. ఆ చుట్టంతోనే మొదలుపెట్టి, బొమ్మల ఆట ఎట్లా పుట్టింది, ఎట్లా ఆడాలి, డబ్బు ఖర్చు లేకుండా బడిలో ఎట్లా నడుపుకోవచ్చు అన్నవి వరుసగా చూద్దాం.

మేకా-పులి

దీన్నే పులిజూదం అని కూడా అంటారు. తమిళంలో ‘ఆడు పులి ఆట్టం’. అన్నూరు పిల్లలకు ఈ పేరు వింటే నవ్వొస్తుంది. తమిళంలో ‘ఆడు’ అంటే మేక, మన చెవికి అది ‘ఆట ఆడు’ అన్నట్టే వినిపిస్తుంది. రెండూ ఒక ఆటే.

పటం గీసే పద్ధతి ఇది. పైన ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి కిందికి విసనకర్ర పుల్లల మాదిరి నాలుగు గీతలు దించండి. వాటి కొసలను ఒక అడ్డగీతతో కలపండి. మధ్యలో మూడు అడ్డగీతలు గీయండి, ఇవి రెండు పక్కలా కొంచెం బయటికి పొడుచుకొని రావాల. బయటికొచ్చిన కొసలను ఇటు మూడు, అటు మూడు నిలువుగా కలపండి. ఇప్పుడు లెక్క చూడండి: పైన 1, మూడు అడ్డగీతల మీద ఒక్కోదానికి 6 చొప్పున 18, అడుగున 4. మొత్తం 23 స్థానాలు. లెక్క కుదరకపోతే గీత ఎక్కడో తప్పింది.

పులులు 3, మేకలు 15. పులులకు రాళ్లు, మేకలకు చింతగింజలు సరిపోతాయి. పులులను ఒకటి శిఖరంలో, రెండు దాని కింద గీత మీద నడిమి స్థానాల్లో పెడతారు. మేకలవాడు ఒక్కో మేకను ఖాళీ స్థానంలో దించుతాడు. ఒక మేక దిగినాక ఒక పులి కదులుతుంది. 15 మేకలూ దిగేదాకా మేకలకు కదలిక లేదు. దిగినాక అవీ గీత వెంట ఒక స్థానం జరగవచ్చు. పులి పక్కన మేక ఉండి, అదే వరుసలో దాని అవతల స్థానం ఖాళీగా ఉంటే పులి దూకి మేకను కొడుతుంది. మేకలు దూకలేవు. పులులన్నిటికీ దారి మూసేస్తే మేకలవాడు గెలిచినట్టు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు అన్నది ఊరూరికీ మారుతుంది, ఆట మొదలుపెట్టే ముందే మాట్లాడుకోవాల.

నేపాలులో ఇదే జాతి ఆటను బాఘ్‌చాల్ అంటారు. అక్కడ 25 స్థానాలు, 4 పులులు, 20 మేకలు. చదరంగంలో ఇద్దరి బలమూ సమానం. మేకా-పులిలో ఒకరికి బలం, ఇంకొకరికి సంఖ్య. ఒంటరి మేక పులికి ఆహారం. వెనక స్థానంలో తోడు ఉన్న మేకను పులి ముట్టుకోలేదు. ఈ తేడాయే స్కిర్మిష్ ఆటలకూ ప్రాణం.

దక్షిణాదిలో చాలా పాత గుళ్ల మంటపాల బండల మీద ఇట్లాంటి ఆటపటాలు చెక్కి ఉంటాయి. ఈసారి మన్నీశ్వరస్వామి గుడికో, ఇంకే పాత గుడికో పోయినప్పుడు నేల మీద కూడా ఒక కన్నేయండి. చెక్కిన గీత ఏదైనా కనబడితే బొమ్మ గీసుకొని రండి, గీత మీద సున్నం, చాక్‌పీసు రుద్దవద్దు.

బొమ్మల ఆట పుట్టిన దారి

‘చతురంగం’ అంటే నాలుగు అంగాలు: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. సైన్యాన్ని పటం మీదికి తెచ్చిన ఆట అది. ఐరోపాలో ప్రష్యా దేశపు సైనికాధికారి రైస్‌విట్జ్ 1824లో గళ్లు తీసేసి, నిజం భూపటం మీద కొలతతో, పాచికతో ఆడే పద్ధతిని అచ్చువేసినాడు. అది అధికారులకు శిక్షణ కోసం.

దాన్ని ఇంటి ఆటగా మార్చినవాడు హెచ్.జి. వెల్స్, కథలు రాసిన ఆ వెల్సే. 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో సీసపు బొమ్మలతో నేల మీద ఆడే నియమాలు ఇచ్చినాడు. కాలిబంటు ఒక ఎత్తులో ఒక అడుగు, గుర్రం రెండు అడుగులు. స్ప్రింగు ఫిరంగితో చిన్న కట్టెముక్క పేల్చి బొమ్మలను పడగొట్టాల. అదే పుస్తకంలో నిజం యుద్ధం ఎంత తెలివితక్కువ పనో కూడా రాసినాడు. మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది.

1962లో ఇంగ్లండులో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన ‘వార్ గేమ్స్’ పుస్తకం చాలామందిని ఈ వైపు తిప్పింది. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కూడా బొమ్మల ఆట నియమాల్లోంచి పుట్టిందే. ఒక్కో ఆటగాడు ఒక్కో మనిషినే నడిపే పద్ధతి దాంతో పేరుకెక్కింది. ‘వార్‌హామర్’ 1983లో, చిన్న ముఠాలతో ఆడే ‘నెక్రోముండా’ 1995లో, ‘మోర్డ్‌హైమ్’ 1999లో వచ్చినాయి. 2015లో వచ్చిన ‘ఫ్రాస్ట్‌గ్రేవ్’లో ఒక మాంత్రికుడు, అతని శిష్యుడు, వెంట కొందరు బంట్లు, అంతా కలిసి పది బొమ్మలు దాటవు. పాచికకు ఇరవై ముఖాలు.

ఆట నడిచే తీరు

పేరు ఏదైనా నడక ఇంచుమించు ఒకటే. ఒక్కో బొమ్మకు ఒక చీటీ ఉంటుంది: ఎంత దూరం నడుస్తుంది, ఎంత దూరం చూస్తుంది, ఎంత దెబ్బ తట్టుకుంటుంది. వంతు వచ్చినప్పుడు బొమ్మను కొలిచి జరుపుతారు. గోడ చాటున, చెట్టు చాటున ఉంటే మాటు దొరుకుతుంది. ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచిక వేస్తారు.

పాచిక ఉంది కదా, అంతా అదృష్టమే అనుకోవద్దు. ‘4 గాని, అంతకన్నా ఎక్కువ గాని పడాల’ అంటే ఆరింట మూడు వంతుల అవకాశం. పక్కన తోడు నిలబడితే పడిన అంకెకు 1 కలపవచ్చు అంటే అది ఆరింట నాలుగు వంతులు అవుతుంది. తోడును ఎప్పుడు, ఎక్కడ నిలబెట్టాల అన్నదే తెలివి.

అన్నూరు ఆట: ఏనుగు – అరటితోట

మేట్టుపాళయం, సిరుముగై వైపు అడవి ఏనుగులు తోటల్లోకి రావడం మనకు కొత్త కాదు. దాన్నే బల్ల మీదికి తెచ్చి, ఎవరూ చావని ఒక ఆట కింద ఇస్తున్నాం. నేల మీద పరిచిన దుప్పటి చాలు.

కావాల్సినవి: ఏనుగులు 2, మనుషులు 8, అరటి గుబుర్లు 6, ఒక పాచిక, 30 సెంటీమీటర్ల స్కేలు. ఆటస్థలం పొడవు సుమారు 120, వెడల్పు 90 సెంటీమీటర్లు. ఒక కొస అడవి, ఎదుటి కొస ఊరు. గుబుర్లను అడవి కొస నుంచి 50, 80 సెంటీమీటర్ల మధ్య ఎక్కడైనా పెట్టండి. ఏనుగులు అడవి కొసన, మనుషులు ఊరి కొసన మొదలుపెడతారు.

1. ముందు ఏనుగుల వంతు. ఏనుగు 20 సెంటీమీటర్ల దాకా నడుస్తుంది. నడక ముగిసినప్పుడు గుబురును తాకి ఉంటే ఆ గుబురు తిన్నట్టే, తీసేయండి.
2. నడకలో ఏనుగు మనిషిని తాకితే ఆ మనిషి పరుగెత్తి ఊరి కొసకు పోతాడు.
3. తర్వాత మనుషుల వంతు. మనిషి 12 సెంటీమీటర్లు నడుస్తాడు.
4. ఏనుగుకు 15 సెంటీమీటర్ల లోపల మనిషి ఉంటే తప్పెట కొట్టవచ్చు. ఒక వంతులో ఒక్కో ఏనుగుకు ఒక్క పాచికే. 1, 2, 3 పడితే ఏమీ కాదు. 4, 5 పడితే ఏనుగు అడవి వైపు 10 సెంటీమీటర్లు వెనక్కి, 6 పడితే 20 వెనక్కి.
5. తప్పెట కొట్టేవాడి పక్కన 5 సెంటీమీటర్ల లోపల ఇంకొక మనిషి ఉంటే పడిన అంకెకు 1 కలపండి.
6. ఇద్దరి వంతులూ అయితే ఒక సుత్తు. ఇట్లా ఎనిమిది సుత్తులు ఆడినాక తిన్న గుబుర్లు లెక్కపెట్టండి.

ఆ తర్వాత పక్షాలు మార్చుకొని మళ్లీ ఆడండి. ఏనుగులను నడిపినప్పుడు ఎక్కువ గుబుర్లు తిన్నవారు గెలిచినట్టు. ఏనుగులకు బలం ఎక్కువైందా, మనుషులకు ఎక్కువైందా అన్న గొడవ దీంతో తీరిపోతుంది, ఎందుకంటే ఇద్దరూ రెండు పక్కలా కూర్చున్నారు. ఒక పక్షమే ప్రతిసారీ గెలుస్తూ ఉంటే అంకెలు మీరే మార్చి చూడండి.

ఒక మాట గట్టిగా చెప్పాల. ఇది బల్ల మీది ఆట. నిజం ఏనుగు వస్తే తప్పెటలు పట్టుకొని దగ్గరికి పోవద్దు. పెద్దవాండ్లకు చెప్పి ఇంట్లో ఉండండి, వాండ్లు అటవీశాఖకు చెబుతారు.

బొమ్మలు చేసేదానికి

అంగడిలో దొరికే విదేశీ పెట్టెలు వేల రూపాయలు పలుకుతాయి. బడి ఆటకు అవి అక్కరలేదు. సీసా మూత ఒకటి పీఠం. దాని మీద మందం అట్టలో కత్తిరించి రంగు వేసిన బొమ్మను అంటిస్తే నిలబడుతుంది. బంకమన్నుతో ఏనుగు చేసి నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. గుబుర్లకు పచ్చ కాగితం, ఇండ్లకు అగ్గిపెట్టెలు.

చేతిపని మీద మనసున్న పిల్లలు కొండపల్లి బొమ్మలను చూడాల. అక్కడివాండ్లు తేలికైన తెల్లపొణికి కట్టెను చెక్కి, చేతులు, కాళ్లు విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కట్టెను తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. నవరాత్రి కొలువు పెట్టే ఇంటి పిల్లలకైతే బొమ్మలను వరుసగా నిలిపి ఒక ఊరిని కట్టడం చేతనైన పనే.

సంఘంగా ఆడేటప్పుడు

ఈ ఆటలు ఎక్కడైనా హాబీ క్లబ్బుల్లోనే బతుకుతాయి. ఒకరి దగ్గర బల్ల, ఒకరి దగ్గర చెట్లూ ఇండ్లూ, ఒకరికి నియమాల మీద పట్టు. కొత్తగా వచ్చినవానికి పాతవారు తమ బొమ్మలు అరువిచ్చి, మొదటి ఆట పక్కన కూర్చొని ఆడిస్తారు. క్లబ్బుల్లో చాలాచోట్ల పాటించే మర్యాదలు ఇవి:

ఎదుటివాని బొమ్మను అడగకుండా ముట్టుకోవద్దు. బల్ల దిగి కింద పడిన పాచికను, వాలి నిలిచిన పాచికను మళ్లీ వేయాల. నియమం మీద తగవు వస్తే ఆట ఆపి అరగంట వాదించకుండా, ఒక పాచిక వేసి ముందుకు సాగి, ఆట అయినాక పుస్తకం చూడాల. ఓడినా గెలిచినా చేయి కలిపి లేవాల.

తల్లిదండ్రులకు

బొమ్మల ఆటంటే కొట్లాట నేర్పడమా అని కొందరు అడుగుతారు. అడగడం న్యాయమే. అందుకే ఇక్కడ తుపాకులు లేని ఆటను ఇచ్చినాము. కోత పని, బ్లేడు పని పెద్దవారి ఎదుటనే జరగాల. చిన్న ముక్కలను పసిపిల్లలకు అందనివ్వవద్దు. పాచిక ఉంది కాబట్టి ఒక కట్టుబాటు: పైసా పందెం లేదు.

ఇంకొక సంగతి. మన ఇండ్లలో చాలాచోట్ల తెలుగు మాట ఉంది, రాత లేదు. బిడ్డ ఇంట్లో అవ్వతో తెలుగు మాట్లాడుతుంది, లెక్క మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో పెడుతుంది. తెలుగు బడిలో ఒక పీరియడు, బయట దాంతో పని తక్కువ. ఆటలో అట్లా కుదరదు. ‘నాలుగు పడింది, ఒకటి కలుపు, ఐదు, పది సెంటీమీటర్లు వెనక్కి’ అని నోరు తెరిచి చెప్పాల. నియమం చదవాల, అర్థం కాకపోతే అడగాల, మార్చిన నియమాన్ని ఎదుటివానికి తెలిసేట్టు రాయాల. గీసిన పటం, రాసిన చీటీ తెలుగులోనే ఉంటే చదవడానికి పిల్లలకు ఒక కారణం దొరుకుతుంది.

పిల్లలకు ఒక పని. ఈ వారం మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి మేకా-పులి ఆడించమనండి. వాండ్ల ఊర్లో పులులు ఎన్ని, మేకలు ఎన్ని, పటాన్ని ఏమని పిలిచేవారు, పులి దూకినప్పుడు ఏమనేవారు, మేకలు కట్టేసినప్పుడు ఏమనేవారు అని అడిగి, వాండ్లు చెప్పిన మాటను చెప్పినట్టే తెలుగులో రాసుకోండి. పుస్తకంలో లేని మాటలు వస్తే కొట్టేయవద్దు. అవి మన ఇంటి మాటలు, వాండ్లు చెప్పకపోతే ఇంకెక్కడా దొరకవు. రాసిన కాగితం మీద తేదీ, ఆడించినవారి సొంత ఊరి పేరు వేసి మీ తెలుగు టీచరుకు ఇవ్వండి.