తీగ తాకిన పులి

నేలపట్టు చెరువు గట్టున నిలబడి గూడబాతులకు తీసిన ఛాయాచిత్రాలను ఇంటికి వచ్చి తెరపై చూసుకున్నాను. అడ్డంగా ఉన్న కొమ్మ ఒక్కటే స్పష్టంగా ఉంది, పక్షులన్నీ మసక. కెమెరాను నిందించబోయి, ఈ విద్యకు ఆద్యులైనవారు ఏ సాధనాలతో పని చేశారోనని పాత సంగతులు తిరగేశాను. కొంత సిగ్గుపడవలసి వచ్చింది.

జార్జ్ షైరస్ అమెరికాలో న్యాయవాది. మిషిగన్‌లోని వైట్‌ఫిష్ సరస్సుపై రాత్రివేళ పడవ ముందుభాగాన దీపం పెట్టుకొని తిరిగేవారు. ఆ వెలుగును చూస్తూ ఒడ్డున జింక కదలక నిలిచిపోయేది. అప్పుడు మెగ్నీషియం పొడి మండించి చిత్రం తీసేవారు. ఇది అక్కడి ఒజిబ్వే వేటగాళ్ళ ఉపాయమే. చేతిలోని ఆయుధం మాత్రం మారింది. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన చిత్రాలు 74 ప్రచురించింది.

మన దేశంలో ఆ పనికి పూనుకున్నవారు ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి. శివాలిక్ అడవులలో పులి నడిచే దారికి అడ్డంగా సన్నని తీగ కట్టేవారు. దానికి పులి కాలు తగలగానే మెరుపు వెలిగి, చిత్రం పడేది. 1927లో 'విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌లాండ్' అన్న పుస్తకంగా ఆ కృషి వెలువడింది. (ఆ మెరుపుకు పులి ఎంత అదిరిపడేదో! ఈ కాలంలోనైతే మనం అంత సులువుగా ఒప్పుకోము.)

నన్ను ఆలోచింపజేసినది ఒక్కటే. చిత్రం పడే క్షణాన మీట నొక్కేది పులి, ఛాయాగ్రాహకుడు కాదు. కనుక ఫోకసు, కూర్పు రెండూ పులి రాకముందే తేలిపోవాలి. కటకాన్ని తీగ ఉన్న దూరానికి సరిచేసి వదిలేయాలి. పులి ఏ దిక్కు నుంచి వస్తుందో తప్పుగా ఊహిస్తే దక్కేది తోకే. దాని చూపు సాగే వైపున చిత్రంలో కొంత ఖాళీ విడవాలన్నా అడుగుజాడలు చదవడం తెలియాలి. చిత్రాన్ని మూడు భాగాలుగా పంచుకొమ్మనే సూత్రం నాకు కంఠస్థమే. గూడబాతు ఏ కొమ్మ మీదుగా గూటికి చేరుతుందో మాత్రం ఏనాడూ గమనించలేదు.

మళ్ళీ నేలపట్టు వెళ్ళాను. ఆటోఫోకస్ ఆపి, ఒక గూటి అంచుకు ఫోకసు బిగించి రెండు గంటలు కూర్చున్నాను. తల్లి పక్షి వచ్చింది, నాకు వీపు తిప్పి వాలింది. ఈకలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు.