మోసిన నలుగురిని ఎవరు మోయాలి?

పక్షవాయువు గల ఒక మనుష్యుని నలుగురు మోసుకొని వచ్చి, దారి లేక ఇంటి కప్పు విప్పి, ప్రభువు ఎదుట దించిన సంగతి మార్కు సువార్త రెండవ అధ్యాయములో చదువుతాము. ఆ రోగిని గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము. మోసిన నలుగురి భుజములు ఎంత నొచ్చాయో ఎవరూ అడగరు. త్రాగుడుకు బానిసైన వాని ఇంటిలో భార్య, తల్లి, పిల్లలే ఆ నలుగురు. ఈ దినమున వారిని జ్ఞాపకము చేసుకుంటూ మన రాష్ట్ర చరిత్రలోనికి ఒకసారి తొంగి చూద్దాము.

ఒకప్పుడు 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లు పల్లె పల్లెకూ చేరేవి. 1991లో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' అనే సాక్షరతా ఉద్యమము మొదలైంది. రాత్రి బడికి వచ్చిన కూలి స్త్రీలు అక్షరములతో పాటు తమ ఇంటి కన్నీటిని గూర్చి నోరు విప్పడం నేర్చుకున్నారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు కలిసి సారా అమ్మకమును అడ్డుకున్నారు. ఆ కదలిక రాష్ట్రమంతా ప్రాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధము వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మన కర్నూలు జిల్లా వారే. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్య నిషేధమును అమలు చేసింది. 1997లో దానిని సడలించారు. 2019లో దుకాణములు ప్రభుత్వము చేతికి వచ్చాయి, 2024 అక్టోబరులో మరల ప్రైవేటువారికి వెళ్లాయి.

చట్టములు వస్తాయి, పోతాయి. మన ఆదోని, ఎమ్మిగనూరులకు కర్ణాటక సరిహద్దు ఎంత దూరము? అయినా ఆ స్త్రీల ప్రయాస వ్యర్థము కాలేదు. ఎవరి ఇంటిలో వారు సిగ్గుతో దాచుకున్న బాధను వారు పదిమందిలో చెప్పుకున్నారు. అది నా ఒక్కదాని తప్పు కాదని ప్రతి ఒక్కరికీ తెలిసింది. అంగడి మూసినంత మాత్రాన రోగి బాగుపడడు గాని, నోరు విప్పిన ఇల్లు ఒంటరిగా మిగలదు.

ఈ సత్యమును మద్రాసులో మరొక స్త్రీ కనుగొన్నది. శాంతి రంగనాథన్ భర్త టి.టి. రంగనాథన్ 1979లో మద్యపాన వ్యసనము వలన చిన్న వయసులోనే మరణించాడు. ఆమె 1980లో భర్త పేరున చికిత్సా సంస్థను స్థాపించింది. అక్కడ రోగికి చికిత్సతో పాటు కుటుంబ సభ్యులకు కూడ ప్రత్యేకముగా ఆలోచన చెప్పే ఏర్పాటు చేశారు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1935లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా నిలిచి 'ఆల్కహాలిక్స్ అనానిమస్'ను ప్రారంభించారు. భర్తలు కూడికలో ఉండగా భార్యలు బయట కాచుకొని ఉండేవారు. తమకూ స్వస్థత అవసరమని వారు గ్రహించారు. 1951లో బిల్ భార్య లోయిస్ తన స్నేహితురాలితో కలిసి కుటుంబముల కొరకు 'అల్-అనాన్'ను ఏర్పరచింది. అతని త్రాగుడుకు నేను కారణము కాను, దానిని అదుపు చేయడము నా చేతిలో లేదు, అయినా నా బ్రదుకును నేను బాగుచేసుకోగలను అనేది వారు నేర్చుకున్న పాఠము.

ప్రియులారా, ఇక నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోయే ఒక సహోదరి తన భర్త గురించి ఏడ్చినప్పుడు, "ఓర్చుకో అమ్మా, ఇంకా ప్రార్థన చెయ్యి" అని చెప్పి పంపాను. కొంతకాలమునకు ఆయన త్రాగుడు మానాడు. మూడవ వారమే ఆయనను నిలబెట్టి సాక్ష్యము చెప్పించాము. అందరము చప్పట్లు కొట్టాము. పదకొండు నెలల తరువాత సుగ్గికి గుంటూరు వైపు వెళ్లి, అక్కడ మరల త్రాగాడు. ఆ ఆదివారము నుండి ఆమె గుడికి రాలేదు. త్రాగినది ఆయన, తల దించుకున్నది ఆమె. ఆ సిగ్గును ఆమె మీద మోపినది మేమే. నేను వారి ఇంటికి వెళ్లి క్షమాపణ అడగడానికి రెండు నెలలు పట్టింది.

అందుచేత సంఘమునకు నా మనవి ఇది. వ్యసనము పాపమే కాదు, రోగము కూడ. ఏండ్ల తరబడి బాగా త్రాగేవాడు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్సు, మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయము కూడ ఉంది. గనుక ముందు డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లండి. ప్రభుత్వ ఉచిత సహాయ నంబర్లు 14446, మానసిక ఆరోగ్యమునకు 14416. సాక్ష్యము కొరకు తొందరపడకండి. మరల పడితే ప్రయాణము ముగిసిందని అనుకోకండి. అనేకులు పడి లేచి బాగుపడినవారే. ఇంటిలో దెబ్బలు ఉంటే ఓర్చుకోమని చెప్పవద్దు. ఆమెకు, పిల్లలకు భద్రమైన చోటు చూపండి. బడి ఫీజుకు, నెల బియ్యమునకు తోడు నిలవండి. ఆమె మాట విని, ఆ మాటను మరొక ఇంటికి మోయకండి. మొదటి నెల మాత్రమే కాదు, మూడవ సంవత్సరములో కూడ ఆ తలుపు తట్టండి.

తప్పిపోయిన కుమారుని కొరకు ఆ తండ్రి ఎన్ని దినములు దారి చూచాడో లూకా వ్రాయలేదు. కుమారుడు ఇంకా దూరముగా ఉండగానే తండ్రి చూచాడు గనుక, చూడడము ఆయన మానలేదని మాత్రము మనకు తెలుసు. మన సంఘములో అలా దారి చూస్తున్న తల్లి, భార్య ఎవరు? ఈ వారము వారి ఇంటికి వెళ్లండి. ఆ మంచము యొక్క ఒక మూల మీరు పట్టుకోండి. ప్రభువు మీకు ఆ బలమును అనుగ్రహించును గాక. ఆమేన్.