కార్టూన్ అడవిలో మనవాళ్లు ఎక్కడ?



ఆశ్రమ పాఠశాల దాటి పట్నంలో కాలేజీకి వెళ్లిన మనవాళ్లలో చాలామందికి ఒక పేరు తగిలే ఉంటుంది. "ఒరేయ్ మోగ్లీ!" మాకైతే చేరిన మొదటి వారంలోనే తగిలింది. పిలిచినవాళ్లు నవ్వుతూ పిలిచారు, మేమూ నవ్వేశాం. లోపల గుచ్చుకున్నా నవ్వేశాం, ఎందుకంటే మోగ్లీ అంటే మాకూ ఇష్టమే. హాస్టల్ టీవీలో బల్లూ ఎలుగుబంటి చెట్టుకి వీపు రుద్దుకుంటుంటే పడీ పడీ నవ్వినవాళ్లమే కదా. అందుకే అసలు ఈ పిల్లాడు ఎక్కడివాడో తెలుసుకుందామని పుస్తకం పట్టాం. చదివాక కొంచెం ఆశ్చర్యం, కొంచెం కోపం రెండూ వచ్చాయి. అవే ఇక్కడ రాస్తున్నాం.

కథ రాసింది రుడ్యార్డ్ కిప్లింగ్. 1865లో బొంబాయిలో పుట్టిన ఇంగ్లీషాయన. 'జంగిల్ బుక్' 1894లో, రెండో భాగం 1895లో వచ్చాయి. రాసింది మాత్రం అమెరికాలో, వెర్మాంట్ అనే మంచు ప్రాంతంలో కూర్చుని. కథ జరిగేది సివనీ కొండల్లో, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్‌లో సాత్పురా పక్కన. ఆయన సివనీకి ఎప్పుడూ వెళ్లలేదు! స్టెర్న్‌డేల్ అనే ఇంగ్లీషాయన 1877లో ఆ కొండల మీద రాసిన పుస్తకం లాంటివి చదివి అల్లుకున్నాడు. సివనీ అంటే ఎవరి నేల? గోండుల నేల. మన ఆదిలాబాద్ గోండులకి చుట్టాలే అక్కడివాళ్లు.

ఇప్పుడు సినిమా సంగతి. డిస్నీ వాళ్ల 'జంగిల్ బుక్' 1967 అక్టోబరులో విడుదలైంది. అప్పటికి వాల్ట్ డిస్నీ చనిపోయి పది నెలలు. ఆయన దగ్గరుండి చూసుకున్న చివరి బొమ్మల సినిమాల్లో ఇదొకటి. మొదట బిల్ పీట్ అనే రచయిత పుస్తకానికి దగ్గరగా, కాస్త భయంగా, బరువుగా కథ రాశాడు. డిస్నీకి నచ్చలేదు. గొడవై పీట్ స్టూడియో వదిలి వెళ్లిపోయాడు. తర్వాత పని అప్పగించిన రచయితతో డిస్నీ ముందు ఆ పుస్తకం చదవొద్దన్నాడని చెబుతారు. ఆయనకి కావలసింది సరదా, పాటలు, గుర్తుండిపోయే జంతువులు. ముందు గొంతులు ఎంచుకున్నారు, ఆ గొంతు మనుషుల తీరునే జంతువుల నడకలోకి తెచ్చారు. బల్లూకి గొంతిచ్చింది ఫిల్ హారిస్ అనే హాస్య గాయకుడు. ఆ బద్ధకం, ఆ హుషారు అతనిదే. షేర్ ఖాన్ అరవడు, గర్జించడు, పెద్దమనిషిలా మెల్లగా మాట్లాడతాడు, అందుకే ఇంకా భయమేస్తుంది. ఇందులో చేయి తిరిగిన పనితనం ఉంది, కాదనలేం. ఇప్పటికీ చూస్తాం.

కానీ పుస్తకం పక్కన పెట్టడంలో ఏమేం పోయాయో చూడండి. పుస్తకంలో కా అనే కొండచిలువ మోగ్లీకి పెద్ద దిక్కు, సినిమాలో దొంగ చూపుల విలన్. పుస్తకంలో కోతులకి రాజే ఉండడు, అదే వాటి లోపం. సినిమాలో వాటికి ఒరంగుటాన్ రాజు, అదీ మన దేశంలో లేని జంతువు! అది ఉండేది బోర్నియో, సుమత్రా అడవుల్లో. ఇవన్నీ సరదాకి చేసిన మార్పులు, పోనీలే అనుకోవచ్చు. అసలు మార్పు మనుషులది. సినిమా అంతా అడవిలో ఒక్క మనిషి ఉండడు. చివర్లో కుండతో నీళ్లకి వచ్చిన అమ్మాయి, దూరంగా ఒక ఊరు, అంతే. అడవి అంటే జంతువులది, మనిషి అంటే ఊరివాడు. మధ్యలో ఇంకెవరూ లేరు.

పుస్తకంలో ఉన్నారు. రెండో భాగంలో ఒక కథ ఉంది. మోగ్లీని పెంచుకున్న తల్లిని ఊరివాళ్లు మంత్రగత్తె అని కట్టేసి కొడతారు. మోగ్లీ ఆమెను తప్పించి, ఏనుగులతో, పందులతో, జింకలతో ఆ ఊరి పంటలన్నీ తొక్కించేస్తాడు. బెదిరిపోయిన ఊరివాళ్లు దగ్గర్లోని గోండుల పెద్దకి కబురు పెడతారు. ఆయన వస్తాడు. చేతిలో విల్లు, జుట్టు ముడిలో విషపు బాణాలు. ఒంటికాలి మీద నిలబడి ఊరివాళ్లని చూస్తాడు, సగం భయం, సగం చులకన. మీ పాత దేవుళ్లకి మా మీద కోపం వచ్చిందా అని అడుగుతారు. ఆయన ఒక్క మాట మాట్లాడడు. అడవి కాకర తీగ తీసి గుడి గుమ్మానికి అడ్డంగా అల్లుతాడు. చేత్తో దారి వైపు, కన్హివాడా వైపు, గాలిలో ఒక తోపు తోస్తాడు. తిరిగి అడవిలోకి వెళ్లిపోతాడు. ఇక ఇక్కడ కాకర తీగే మొలుస్తుంది, వెళ్లిపొండి అని. ఈ నేలకి మొదటి హక్కుదారులు వీళ్లేనని కిప్లింగ్ కూడా అక్కడ ఒప్పుకుంటాడు.

కిప్లింగ్‌ని నెత్తిన పెట్టుకోమని చెప్పట్లేదు. ఆయన తెల్లదొరల రాజ్యాన్ని నమ్మిన మనిషి. గోండులని పొట్టివాళ్లు, నల్లవాళ్లు అని దూరం నుంచి వింతగా చూసి రాశాడు. ఇంకో కథలో గోండు వేటగాడు రత్నాల అంకుశం కోసం ఒకడిని చంపి తానూ చస్తాడు. అన్నిటికన్నా చిత్రం, మోగ్లీ పెద్దయ్యాక ఏమయ్యాడో తెలుసా? 1893లోనే, జంగిల్ బుక్ కన్నా ముందే, ఆయన రాసిన కథలో మోగ్లీ సర్కారు ఫారెస్ట్ గార్డు. జీతం, పింఛను కూడా! 1878 అడవి చట్టంతో రిజర్వు గీతలు గీసి, అడవిలో పుట్టినవాళ్లనే దొంగల్ని చేసిన శాఖ అది. నిజాం ఏలుబడిలో మన వైపు కూడా అవే గీతలు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం పెట్టింది ఆ గీతల మీదే కదా.

దూరదర్శన్‌లో మన అన్నల తరం చూసింది డిస్నీది కాదు, 1989లో జపాన్‌వాళ్లు తీసిన 52 భాగాల సీరియల్. దానికి హిందీ పాట గుల్జార్ రాశాడు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు. రష్యావాళ్లు 1967 నుంచి 1971 దాకా ఐదు భాగాలుగా వేరే తీశారు. అందులో బగీరా ఆడ చిరుత. దొరికితే చూడండి, బొమ్మలు డిస్నీ అంత ముద్దుగా ఉండవు గానీ పుస్తకంలోని బరువు ఉంటుంది.

ఇంకో పుస్తకం గురించి చెప్పి ఆపేస్తాం. భజ్జూ శ్యామ్ అని పాటన్‌గఢ్ పర్ధాన్ గోండు చిత్రకారుడు. మన దగ్గర కీక్రి వాయిస్తూ గోండుల కథలు పాడే పర్ధాన్‌ల లాగే ఆయన వాళ్లదీ కథలు పాడే కులం. ఒక రెస్టారెంట్ గోడలకి బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లాడు. తిరిగొచ్చి తాను చూసిన లండన్‌ని మన గీతల్లో వేశాడు. 2004లో చెన్నైలోని తారా బుక్స్ ప్రచురించింది. అందులో భూమి కింది రైలు వానపాము. బస్సు నమ్మకమైన కుక్క. పెద్ద గడియారం ఒక కోడిపుంజు. సాయంత్రం పబ్బులో చేరే ఇంగ్లీషువాళ్లు గబ్బిలాలు. పుస్తకం పేరు 'లండన్ జంగిల్ బుక్'.

మమ్మల్ని మోగ్లీ అని పిలిచిన ఆ ఫ్రెండుకి ఈ పుస్తకం చూపించాం. గబ్బిలాల బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు.