కార్తిక వనభోజనాల్లో చర్చ: సెల్‌ఫోను మన ఇంటి తెలుగును ఏం చేస్తోంది?

కార్తిక మాసంలో ఉసిరిచెట్టు నీడన నలుగురూ కూడి వండుకొని తినడం మన ముందుతరాలు వలస వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఆచారం. వచ్చిన చోట కూడా అది వింతగా కనిపించలేదు. మహారాష్ట్రలో ఇదే నెలలో ‘ఆవళీ భోజన్’ చేస్తారు. ఆవళా అంటే ఉసిరే. ఒడిశాలో పిక్నిక్‌ను ‘బణభోజి’ అంటారు. కన్నడంలోనూ వనభోజనం వనభోజనమే. అందుకే బెంగళూరు నుంచి బరంపురం దాకా తెలుగు కుటుంబాలు పిల్లాపెద్దా అందరితో కలిసే రోజు చాలాచోట్ల ఇదే అవుతోంది. పూజ, పులిహోర, తంబోలా, మ్యూజికల్ చైర్స్ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆపైన సగం మంది చెట్ల కింద చేరి ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ఆ గంటను ఆ ఫోను మీద చర్చకే ఇవ్వాలనుకునే సంఘాల కోసం ఈ వివరాలు.

బడిలో ‘విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా?’ అని వ్యాసం రాయనివాళ్లు మనలో అరుదు. ఆ వ్యాసం వల్ల ఎవరి అభిప్రాయమైనా మారిందా అంటే అనుమానమే. వనభోజనంలో వక్తృత్వ పోటీ పద్ధతి పెడితే అదే జరుగుతుంది: పిల్లలు బట్టీపట్టింది అప్పజెబుతారు, తల్లిదండ్రులు వీడియో తీస్తారు. తమిళనాడులో ఉన్నవాళ్లకు దీనికన్నా మంచి నమూనా రోజూ కళ్లముందే ఉంది. అది పట్టిమండ్రం. రెండు జట్లు, మధ్యలో ‘నడువర్’ అనే తీర్పరి, ఇంటి సంగతుల మీద వాదన, మాటమాటకీ నవ్వు. ఈ మాట ప్రాచీన కావ్యం మణిమేకలైలోనే ‘పట్టిమండపం’ అన్న రూపంలో కనిపిస్తుంది. పొంగలికీ దీపావళికీ టీవీలో దాన్ని ఇంటింటి కార్యక్రమం చేసినవారిలో సోలమన్ పాపయ్య ముందుంటారు. ఆయనకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. బామ్మకూ మనవరాలికీ ఒకేసారి నవ్వొచ్చే వాదన కావాలంటే ఈ పద్ధతినే తెచ్చుకోవచ్చు. ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకుంటే మన తెలుగుతనానికి వచ్చే లోటేమీ లేదు.

అంశాన్ని మాత్రం గాలిలో వదలకూడదు. యంత్రం మనిషికి ఏం చేస్తుందో మన కుటుంబాలకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. షోలాపూర్, భివండీలకు తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు చేమగ్గం నుంచి పవర్‌లూమ్‌కు మారిన తీరు వాళ్ల ఇళ్లలోనే ఉంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న తాత, పవర్‌లూమ్ హోరులో ఇల్లు గడిపిన తండ్రి, కంప్యూటర్ ముందు కూర్చున్న కొడుకు ముగ్గురూ ఒకే విస్తళ్ల వరుసలో ఉండవచ్చు.

కోలారు బంగారు గనులదీ అలాంటి కథే. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు తమిళులతో కలిసి అక్కడ పనిచేశారు. శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన కరెంటు సుమారు 147 కిలోమీటర్ల తీగ మీదుగా 1902లో ఆ గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి ఇంకా మూడేళ్లు పట్టింది. ఆ కరెంటే, ఆ యంత్రాలే మనుషుల్ని భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దింపాయి. చివరికి తవ్వకం ఖర్చుకు బంగారం గిట్టక 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అన్నం పెట్టిందీ, ఆ తర్వాత బెంగళూరు రైలెక్కించిందీ ఏమిటి అన్న ప్రశ్నకు అక్కడి పెద్దలు చెప్పే జవాబు ఏ వ్యాసంలోనూ దొరకదు. చర్చ అలాంటివాళ్లతో మొదలైతే పిల్లలు వింటారు.

ఇక ఫోను. దీన్ని తిట్టడం తేలిక. కానీ తెలుగు నేలకు దూరంగా ఉన్న ఇంటికి ఈ ఫోను చేసిన మేలు చిన్నది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో 40 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా ప్రజలు తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. వాళ్ల పిల్లల్లో ఎక్కువమందికి బడిలో తెలుగు లేదు. తమిళనాడులో పదో తరగతి వరకు తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసిన 2006 చట్టం వచ్చాక మైనారిటీ భాషల బడుల వాళ్లు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. అలాంటి చోట తెలుగు అక్షరం కనిపించే పలక ఇప్పుడు ఫోనే. తెలుగు లిపికి 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే చోటు దొరికింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం కనబడితే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు మూతపడిపోయాయి. ఆపిల్ సంస్థ కొద్ది రోజుల్లో దిద్దుబాటు పంపింది. జ్ఞానంలోని మొదటి అక్షరానికి అంత బరువుందని ఈ ముచ్చట చెబితే పిల్లలు ఆ అక్షరం రాయడం అక్కడికక్కడే నేర్చుకుంటారు.

నష్టం వేరే వైపు ఉంది. అమ్మమ్మకు పంపే తెలుగు మెసేజ్ ఇంగ్లిషు అక్షరాల్లో వెళ్తోంది. ఆమె దాన్ని చదవలేదు, ఎవరినో అడగాలి. వాయిస్ మెసేజ్ వచ్చాక చదవడం, రాయడం రెండూ ఎగిరిపోతున్నాయి. అన్నిటికన్నా పెద్దది సాయంత్రం. బడిలో తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా, ఇంగ్లిషు. వీధిలో అదే. పిల్ల చెవిన తెలుగు పడేది అన్నాల వేళ నుంచి పడుకునే వరకు, ఓ రెండు గంటలు. ఫోను తింటున్నవి సరిగ్గా ఆ రెండు గంటలే. హైదరాబాదులో పిల్లవాడు సాయంత్రమంతా ఫోను చూసినా బయట తెలుగు వినబడుతుంది. హోసూరులోనో పుణేలోనో ఆ అవకాశం తక్కువ. కాబట్టి మన చర్చకు అంశం ‘సాంకేతికత మంచిదా చెడ్డదా’ కాదు. ‘ఆ రెండు గంటలు ఎవరివి?’ అన్నది.

చర్చ వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవారికి సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్గావ్ చూపించవచ్చు. 2020 తర్వాత ఆన్‌లైన్ పాఠాల పేరుతో పిల్లల చేతికొచ్చిన ఫోన్లు తిరిగి పెద్దల చేతికి రాలేదని ఆ ఊరివాళ్లు గమనించారు. సంగతి గ్రామసభలో పెట్టారు. ఆడవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు, మగవాళ్లు మొదట నసిగారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ వాళ్లు, రిటైరైన టీచర్లు ఇల్లిల్లూ తిరిగారు. 2022 ఆగస్టు 15 నుంచి సాయంత్రం 7 గంటలకు గుడి మీద సైరన్ మోగితే 8:30 వరకు టీవీలు, ఫోన్లు కట్టేయడం మొదలుపెట్టారు. 2024 డిసెంబరులో బెళగావి దగ్గరి హలగా గ్రామంలోనూ 7 నుంచి 9 వరకు ఇలాంటి నియమమే పెట్టుకున్నారు. అపార్ట్‌మెంట్లలో చెల్లాచెదురుగా ఉన్న మనకు సైరన్ కుదరదు. కానీ పది కుటుంబాలు ఒకే గంటకు ఒప్పుకుంటే, ‘పక్కింట్లో చూస్తున్నారుగా’ అన్న పిల్లల మాటకు బదులు దొరుకుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలుంటే మరో కొలత కూడా ఉంది: ఏడాది లోపు పసివాళ్లకు తెర అసలే వద్దని, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

జట్లు కట్టేటప్పుడు ఒక చిట్కా. ఫోను కావాలనే వైపు తాతలను, వద్దనే వైపు పదో తరగతి పిల్లలను పెట్టండి. వాట్సాప్‌లో పొద్దున్నే సుప్రభాతాలు పంపే పెద్దల గుట్టు అక్కడే బయటపడుతుంది. మనిషికి నాలుగు నిమిషాలు చాలు. మాట్లాడేది తెలుగే కావాలి గానీ మధ్యలో తమిళ, కన్నడ, ఒడియా మాట దొర్లితే ఆపవద్దు. కోయంబత్తూరు తెలుగును, బరంపురం తెలుగును హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు మైకులో సరిదిద్దడం అసలు వద్దు. యాసకు నలుగురిలో నవ్వులపాలైన పిల్ల మరుసటి ఏడు నోరు విప్పదు. ఆ తప్పు ఫోను మీదికి నెట్టలేం.

చోటు సంగతి. నగరాల్లోని పెద్ద ఉద్యానవనాల్లో వంటకు, మైకుకు అనుమతి దొరకడం కష్టం. తెలిసినవారి మామిడితోపో కొబ్బరితోటో మేలు. యాభై అరవై మంది అర్ధచంద్రాకారంలో కూర్చుంటే మైకు అక్కర్లేదు. కార్తికంలో పొద్దు పొట్టిది: నవంబరు మధ్యలో బరంపురంలో సుమారు 5:15కే సూర్యుడు దిగిపోతాడు, షోలాపూర్‌లో మరో అరగంట పైచిలుకు వెలుతురుంటుంది. తీర్పరి ఎంత సరదాగా మాట్లాడేవారైనా నాలుగున్నరకల్లా ముగించమని ముందే చెప్పి ఉంచండి. పాత్రలు కడగాలి, బస్సు ఎక్కాలి, ఏ గంటకు ఒప్పుకున్నారో కాగితం మీద రాసి పది ఇళ్లవాళ్లూ సంతకం పెట్టాలి.