రెండు మంచుదెబ్బల నడుమ



ఈ పూట మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోతాను. అమెరికా దేశం నడిమధ్యన అయోవా అనే రాష్ట్రం ఉన్నది. అందులో గ్రీన్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే గాని చాలా చిన్నది. ఇటు 24 మైళ్ళు, అటు 24 మైళ్ళు. జనం తొమ్మిదివేలకు లోపు. మన పెద్ద గ్రామాలు కొన్నింటిలో అంతకన్న ఎక్కువమంది ఉంటారు. "మరి ఆ ఊరి గొడవ మనకెందుకయ్యా?" అంటారు మీరు. నేను వ్యవసాయ డిప్లొమా చదువుకునే రోజుల్లో విస్తరణ పాఠంలో అయోవా రైతుల కథ ఒకటి చెప్పారు. ఆ రైతులది ఈ జిల్లాయేనని తరువాత తెలిసింది. ఆ కథలో మా పాఠం వదిలిపెట్టిన సంగతి ఒకటున్నది. అది అక్కడి ఆకాశం సంగతి.

అక్కడ ఉత్తరం నుంచి దక్షిణం దాకా గాలికి అడ్డంగా ఒక్క కొండ లేదు. పైనుంచి కెనడా చలిగాలి, క్రిందినుంచి మెక్సికో సింధుశాఖ తేమగాలి ఇష్టం వచ్చినట్లు వచ్చిపోతాయి. ఏ గాలిది పైచేయి అయితే ఆ రోజు వాతావరణం దానిది. జనవరి రాత్రులు మామూలుగానే సున్నాకు క్రింద పది, పన్నెండు డిగ్రీలు ఉంటాయి. మన లంబసింగిలో సున్నా దగ్గరకు వస్తేనే జనం వింతగా చూడబోతారు గదా! అయోవా రాష్ట్రం మొత్తంమీద 1996 ఫిబ్రవరిలో ఎల్కేడర్ అనే ఊళ్ళో సున్నాకు క్రింద 44 డిగ్రీల దాకా దిగింది. అదే రాష్ట్రంలో కియోకక్ అనే ఊళ్ళో 1934 జూలై 20న దాదాపు 48 డిగ్రీల ఎండ కాసింది. అంటే రెంటచింతల ఎండ, హిమాలయపు చలి ఒకే గడ్డమీద.

అందుచేత అక్కడి రైతుకు సేద్యకాలమంటే రెండు మంచుదెబ్బల నడుమ దొరికే అయిదు నెలలే. మంచుదెబ్బ అంటే మన తెల్లవారుజాము పొగమంచు కాదు. ఆకులోని నీరు గడ్డకట్టి మొక్క కమిలిపోయే చలి. వసంతంలో చివరి దెబ్బ మే మొదట్లో, శరత్తులో మొదటి దెబ్బ అక్టోబరు మొదట్లో, సుమారుగా. నేల పది డిగ్రీలన్నా వెచ్చబడితేగాని మొక్కజొన్న గింజ సరిగా మొలవదు. కనుక ఏప్రిల్ చివర, మే నెలలో విత్తుతారు. మన లెక్కలో భరణి, కృత్తిక కార్తెలు. తొందరపడితే చలి, ఆలస్యమైతే గింజ గట్టిపడకముందే హస్త కార్తెలో మళ్ళీ చలి.

వాన ఏడాదికి సుమారు 35 అంగుళాలు. అందులో ఎక్కువ భాగం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపలే, ఉరుములతో, తరచు రాత్రివేళల కురుస్తుంది. పైరుకు కావలసినప్పుడే వాన. ఇది వాళ్ళ అదృష్టమనే చెప్పాలి. కాని నేల పల్లం. వేల ఏళ్ళనాడు మంచుగడ్డలు కరిగి వదిలిన నల్లమట్టిలో నీరు ఎక్కడికక్కడ నిలిచి చిత్తడిగా ఉండేది. పందొమ్మిదో శతాబ్ది చివరినుంచి రైతులు పొలం అడుగున కాల్చిన మట్టిగొట్టాలు వరసగా పాతి, మురుగు లాగి, సేద్యానికి తెచ్చారు. మన డెల్టాలో మురుగు కాల్వ పూడితే వచ్చే అవస్థ ఎరిగినవారికి ఆ చాకిరీ ఎటువంటిదో నేను చెప్పనక్కరలేదు.

ఇక అసలు కథ. పూర్వం అక్కడి రైతు తన గాదెలోంచి మంచి పొత్తులు ఏరి మరుసటేటికి విత్తనం దాచుకునేవాడు. 1928 ప్రాంతాల సంకర విత్తనం, అంటే హైబ్రిడ్, ఆ జిల్లాకు వచ్చింది. దిగుబడి ఎక్కువ, కాడ గట్టిది. అయితే ఏటేటా కొనాలి. పంటకు ధర లేని రోజులు. చేతిలో ఉన్న విత్తనం వదిలి డబ్బు పోసి కొనమంటే ఎవరు కొంటారు? రయన్, గ్రాస్ అనే ఇద్దరు సాంఘిక శాస్త్రజ్ఞులు జెఫర్సన్, గ్రాండ్ జంక్షన్ ఊళ్ళ రైతులను విచారించి 1943లో ఆ సంగతులు ప్రకటించారు. 1933 నాటికి పదిమందిలో ఒకరు మాత్రమే సంకర విత్తనం వేశారు. 1936 నాటికి పదిమందిలో నలుగురయ్యారు. 1941 వచ్చేసరికి 259 మందిలో ఇద్దరు తప్ప అందరూ వేశారు. విత్తనం అమ్మేవాడి నోట మొదట విన్నారు, పొరుగువాడి చేను చూసి నమ్మారు అని మా పాఠం. నిజమే. కాని ఆ మూడేళ్ళలో పొరుగువాడి చేలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు.

1934లో వాన మొహం చాటేసింది. పడమటి మైదానాల దుమ్ము ఆ మే నెలలో తూర్పు సముద్రం దాకా ఎగిరిపోయింది. చించ్ బగ్ అనే నల్లి వంటి పురుగు కోతకొచ్చిన గోధుమ, బార్లీ చేలలోంచి మొక్కజొన్నమీదికి బారులు తీరింది. దాన్ని ఆపటానికి చేల గట్లమీద తారువాసన గొట్టే మందునూనె గీతలు పోశారు. 1936 ఇంకా చిత్రమైన ఏడు. జనవరి, ఫిబ్రవరులలో ఎముకలు కొరికే చలి. అదే ఏడు జూలైలో వరసగా రోజుల తరబడి 38 డిగ్రీలు దాటిన ఎండ. జూలై నెలలోనే మొక్కజొన్న జల్లు వేసి, పొత్తుకు పీచు వస్తుంది. ఆ పది, పదిహేను రోజుల్లో నీరు చాలకపోతే పీచు ఆలస్యమవుతుంది, పుప్పొడి ముందే రాలిపోతుంది, పొత్తులో గింజ కట్టదు. తరువాత ఎంత వాన కురిసినా లాభం లేదు. ఆ కరువేళ్ళలో సంకర చేలు పాతవాటికన్న మెరుగుగా నిలిచాయి. గట్టుకు ఇవతల ఎండిన చేను, అవతల అంతో ఇంతో పొత్తు పట్టిన చేను. నా మటుకు నాకు, ఆ రెండు వేసవులు చేసినంత ప్రచారం ఏ విస్తరణాధికారీ చేసి ఉండడనిపిస్తుంది. నేనూ ఆ ఉద్యోగమే చేస్తున్నాను గనుక కొంచెం సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను.

అలాటి విత్తనం మన దేశానికీ వచ్చింది. 1961లో విడుదలైన మొదటి సంకర మొక్కజొన్నలలో 'దక్కన్' రకం మన హైదరాబాదు అంబర్‌పేటలో తయారైనదే.

విత్తనం మారినంత మాత్రాన ఆకాశం మారలేదు. 1940 నవంబరు 11 ఉదయం అయోవాలో హాయిగా వెచ్చగా ఉన్నది. కొద్ది గంటల్లో ఉష్ణోగ్రత అమాంతం పడిపోయి మంచుతుఫాను కమ్మింది. చుట్టుపట్ల రాష్ట్రాలన్నిటిలో నూటికి పైగా మనుషులు చనిపోయారు. అప్పటిదాకా అయోవా ఆపిల్ తోటలకు పేరుపడ్డ రాష్ట్రం. చలికి ఇంకా సిద్ధపడని చెట్లు ఆ దెబ్బకు చచ్చిపోయాయి. చాలామంది తోటలు మళ్ళీ నాటలేదు. మొక్కజొన్న, సోయా చిక్కుడు వేసుకున్నారు. ఏటా విత్తే పైరు ఒక ఏడు పోయినా మరుసటేడు ఉంటుంది, పదేళ్ళు పెంచిన చెట్టు పోతే ఎలా?

1993లో వాన ఆగలేదు. గ్రీన్ కౌంటీ మీదుగా పారే రకూన్ నది జూలైలో దిగువన డెమాయిన్ నగరపు మంచినీటి కర్మాగారాన్ని ముంచింది. సుమారు రెండున్నర లక్షల మందికి కుళాయి నీరు లేకపోయింది.

ఇటీవలిది 2020 ఆగస్టు 10. ఆ వేళ అయోవాను పడమటినుంచి తూర్పుకు తిన్నగా ఒక గాలి ఊడ్చుకుంటూ పోయింది. సుడిగాలి కాదు, బారుగాలి. దీనికి 'డెరెచో' అని 1888లో పేరు పెట్టినవాడు కూడా అయోవా వాడే, హిన్రిక్స్ అనే ఆచార్యుడు. 1875లోనే ఆ రాష్ట్రంలో వాతావరణ సేవ మొదలుపెట్టి, ఊరూరా స్వచ్ఛందంగా వాన కొలిచేవారిని కూడగట్టినవాడు. ఈసారి గాలి కొన్నిచోట్ల గంటకు 225 కిలోమీటర్ల దాకా వీచిందని అంచనా. లక్షల ఎకరాల మొక్కజొన్న వంగింది, విరిగింది. గట్టికాడ సంకరమూ ఆగలేదు. అప్పటికి మన ఆశ్లేష కార్తె. గింజ పాలుపోసుకుంటున్నది. మళ్ళీ విత్తటానికి అదను లేదు, అక్టోబరు మంచుదెబ్బ రెండు నెలల దూరంలోనే ఉన్నది.