ఏరు మింగిన రాజధాని - కస్కాస్కియా

ఇల్లినాయ్ రాష్ట్రమనగానే మనవారికి స్ఫురించేది షికాగో నగరం. రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ అని కొందరికి తెలుసు. అయితే 1818లో ఆ రాష్ట్రం అవతరించినప్పుడు దాని రాజధాని కస్కాస్కియా. నేడక్కడ నివసించేవారు, 2020 జనగణన ప్రకారం, 21 మంది.

1703లో జెసూట్ మతగురువులు, కస్కాస్కియా తెగవారు కలిసి ఇక్కడ స్థిరపడ్డారు. ఒకవైపు మిస్సిస్సిప్పీ, మరొకవైపు దాని ఉపనది కస్కాస్కియా. నడుమ సారవంతమైన ఒండ్రునేల. ఫ్రెంచి రైతులు ఇక్కడ గోధుమ పండించి, పిండిని పడవలమీద న్యూ ఆర్లియన్స్‌కు పంపేవారు. ఆ సేద్యంలో బానిసల చెమట కూడా ఉన్నదన్న మాట చాలామంది చరిత్రకారులు ఒక వాక్యంతో దాటవేస్తారు. అది న్యాయం కాదు. రాష్ట్రపు తొలి ఉపగవర్నరు పియర్ మెనార్డ్ ఇంట కూడా బానిసలు ఉండేవారు. విశాలమైన వసారాతో ఒప్పే ఆ ఇల్లు కస్కాస్కియా నది తూర్పు గట్టున, కొండ పాదాన ఉండుటచేత నేటికీ నిలిచి ఉన్నది.

1741లో ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ ఈ ఊరి చర్చికి కంచు గంటను కానుకగా పోతపోయించాడు. ఫిలడెల్ఫియాలోని సుప్రసిద్ధమైన స్వాతంత్ర్యగంట కంటే ఇది పెద్దది వయసులో. 1778 జూలై 4 రాత్రి జార్జ్ రోజర్స్ క్లార్క్ సుమారు 175 మంది సైనికులతో వచ్చి, ఒక్క తుపాకి పేలకుండానే బ్రిటిషువారినుండి ఊరిని స్వాధీనం చేసుకొన్నప్పుడు ఆ గంట మ్రోగినదంటారు. అందుచేతనే దానిని పశ్చిమదేశపు స్వాతంత్ర్యగంట అని పిలుస్తారు.

రాజధాని వైభవం మూన్నాళ్ల ముచ్చట. శాసనసభ అద్దె ఇంటిలో కూర్చొనేది. 1820లోనే రాజధాని వండేలియాకు తరలిపోయింది.

ఇక అసలు కథ. ఏరు ఊరిని మింగినదని అందరూ అంటారు. ఆ మాట సగమే సత్యమని నా అభిప్రాయం. 1817లో మొదటి ఆవిరిపడవ సెయింట్ లూయీకి చేరింది. తరువాత వందల పడవలు వచ్చాయి. వాటి పొయ్యిలకు కట్టెలు కావాలి. గట్టుల వెంట మహావృక్షాలను నరికి పేర్చి అమ్మడం ఒక జీవనోపాధి అయింది. వేళ్లు పట్టి ఉంచిన మన్ను, వేళ్లు చచ్చిన తరువాత ఎంతకాలం నిలుస్తుంది? గట్లు విరిగిపడి, నది వెడల్పై, దారులు వెదకసాగింది. 1844 నాటి వరద ఊరిని గాయపరచింది. 1881 ఏప్రిల్‌లో మిస్సిస్సిప్పీ తనకూ ఉపనదికీ మధ్యనున్న సన్నని నేలను కోసివేసి కస్కాస్కియా నది గర్భంలోకి దూకింది. దానితో ఊరు నదికి తూర్పుననుండి పడమరకు మారినది! ఆ మీదట ఏటేటా గట్టు కోసుకుపోగా, ఇళ్లు, వీధులు ఒక్కొక్కటే నీటిపాలయ్యాయి. గోదావరి లంకలలో పుట్టిన పాఠకులకు ఈ కోత సంగతి వేరుగా వివరించనక్కరలేదు.

1890ల ఆరంభంలో శ్మశానంలోని అస్థికలను తవ్వి తీసి, తూర్పు గట్టుమీది గ్యారిసన్ కొండపై తిరిగి సమాధి చేశారు. బ్రతికున్నవారి చర్చి మాత్రం ద్వీపంలోనే, కొంత దక్షిణాన, మరల నిలచింది. గంటకు 1948లో ప్రత్యేకంగా ఒక మందిరం కట్టారు. గంట పగిలి ఉన్నది. 1993 మహావరదలో కరకట్ట తెగి ద్వీపమంతా మునిగింది. చర్చిలోనికి నీరు వచ్చింది. తరువాత దానిని బాగుచేసుకొన్నారు.

రాష్ట్రసరిహద్దు మాత్రం నదితో కదలలేదు. పాత పాయనే హద్దుగా నేటికీ కస్కాస్కియా ఇల్లినాయ్‌కే చెందుతుంది. కాని సొంత రాష్ట్రంలోని తక్కిన భాగంనుండి అక్కడికి వంతెన లేదు. మిస్సోరీలోని సెయింట్ మేరీ మీదుగా, పూడిపోయిన పాత పాయపైనున్న చిన్న వంతెన దాటి వెళ్లాలి. వారి తపాలా కూడా మిస్సోరీ నుండే వస్తుంది.